రోట్లో దంచే కొండపల్లి బొమ్మ ఎలా చేయాలి?

కొండపల్లి బొమ్మ అనగానే ఏనుగు అంబారీ గుర్తొస్తుంది. చేయి తిరగాలంటే మాత్రం పల్లె బొమ్మలతో మొదలుపెట్టడం మేలు. ఇక్కడ చేసేది నిలబడి రోట్లో దంచే ఆడమనిషి బొమ్మ, పీటతో కలిపి ఆరంగుళాలు.

కలప తెల్ల పొణికి. తేలిక, మెత్తన, ఉలికి ఇట్టే లొంగుతుంది. దొరక్కపోతే హాబీ షాపుల్లో దొరికే బాల్సా చెక్కతో కానివ్వండి. పచ్చి చెక్కను మాత్రం ముట్టుకోవద్దు. ఆరాక అది కుంచించుకుపోయి అతుకులు విడిపోతాయి, రంగు పగులుతుంది. ఎండబెట్టి, తర్వాత సన్నని సెగ మీద తిప్పుతూ చెమ్మ లాగించాలి. రోజూ తూచి చూడండి. రెండు మూడు రోజులు బరువు తగ్గకపోతే ఆరినట్టే.

మొండేనికి ఒకటిన్నర అంగుళం మందం, నాలుగున్నర అంగుళాల ఎత్తు దిమ్మె కావాలి. తల నుంచి చీర కుచ్చెళ్ల దాకా ఒకే చెక్క. ముందు, పక్క రెండు వైపులా పెన్సిలుతో గీసి, నడుము కాస్త ముందుకు వంగేలా చెక్కండి. చేతులు ఇందులోంచే తీయాలని చూడకండి. చెక్క నార నిలువుగా ఉంటుంది, చాచిన చేయి దానికి అడ్డంగా పడుతుంది. మణికట్టు దగ్గర పుటుక్కున విరుగుతుంది. అందుకే చేతులు నార పొడవునా విడిగా చెక్కి అతకాలి. రోలు, పీట కూడా విడివిడిగానే. రోకలికి పొణికి నిలవదు, మూడున్నర అంగుళాల వెదురు పుల్ల చాలు.

అతకడానికి మక్కు. అరకప్పు చింతగింజల పిండిని రెండు కప్పుల చన్నీళ్లలో కలిపి (వేడినీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది) సన్నని మంట మీద చిక్కటి అంబలిలా ఉడికించండి. చల్లారాక జల్లించిన రంపపు పొట్టు చపాతీ పిండిలా అయ్యేదాకా కలపాలి. ఏరోజుది ఆరోజే, మర్నాటికి పులుస్తుంది.

భుజం దగ్గర చిన్న వెదురు మేకు దించి, మక్కు పెట్టి చేయి అతకండి. మక్కు పచ్చిగా ఉండగానే రోకలిని గుప్పిట్లో ఇరికించి, కొన రోట్లో ఆనేలా సర్దండి. ఆరాక చేయి వంగదు మరి. జడ ముడి, పైట మడతలు కూడా మక్కుతోనే దిద్దుతారు. ఒకేసారి దట్టంగా పెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి బీటలిస్తుంది. పలచటి పొరలుగా, ఒకటి ఆరాక మరొకటి వేయండి.

రెండు రోజులు ఆరనిచ్చి ఆకురాయితో రుద్ది నున్నచేయండి. మీద సున్నపు పూత, పలచగా రెండుసార్లు. ఇది మందమైతే రంగుతో సహా పెచ్చులూడుతుంది.

రంగుల్లో ఒళ్లు ముందు, చీర తర్వాత, అంచు ఆపైన. రోకలి కొనకు నల్లటి పట్టీ గీస్తే పొన్ను (ఇనుప కట్టు) వేసినట్టుంటుంది. ఆ చిన్న గీత లేకపోతే అది ఉత్త కర్రే. కళ్లు అన్నిటికంటే చివర, సన్నటి మేకవెంట్రుకల కుంచెతో. చూపు రోలు మీదికి దిగాలి కాబట్టి నల్లగుడ్డు కింది రెప్పకు ఆనేలా పెట్టండి. నీటి రంగులైతే పైన వార్నిష్ ఒక పూత వేయాలి, లేదంటే సంక్రాంతి కొలువులో తడిచేయి తగిలినా చీర రంగు వదులుతుంది.