పాత అనలాగ్ ఫోన్‌కు సిగ్నల్ రావట్లేదా? ఓస్మోకామ్-అనలాగ్ సమస్యలు, పరిష్కారాలు

మన దేశంలో మొబైల్ సేవ 1995లో నేరుగా డిజిటల్ పద్ధతి అయిన జీఎస్ఎమ్‌తోనే మొదలైంది. అందుకే ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మెరాత్ బజార్‌లోనో, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల అటకల మీదో దొరికే ఇటుకలాంటి అనలాగ్ హ్యాండ్‌సెట్లకు, కారు ఫోన్లకు హైదరాబాద్‌లో ఏనాడూ నెట్‌వర్క్ లేదు. ఓస్మోకామ్-అనలాగ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, ఒక లినక్స్ కంప్యూటర్, ఒక ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో బోర్డు) ఉంటే ఆ నెట్‌వర్క్‌ను మీ బల్ల మీదే నిలబెట్టొచ్చు. పాత అనలాగ్ పద్ధతులైన అమెరికా ఆంప్స్, నార్డిక్ దేశాల ఎన్ఎమ్‌టీ, బ్రిటన్ టాక్స్, జర్మనీ సీ-నెట్జ్ అన్నీ ఇందులో ఉన్నాయి.

కమాండ్లు, ఆప్షన్ల పేర్లు ఇక్కడ ఉచ్చారణ ప్రకారం ఇచ్చాం. అసలు స్పెల్లింగ్ కోసం ఆయా ప్రోగ్రామ్‌కు హెల్ప్ ఆప్షన్ ఇచ్చి చూడండి. ఉదాహరణలు ఎక్కువగా ఆంప్స్‌వి, అక్కడక్కడ ఎన్ఎమ్‌టీవి.

ముందు ఇది: యాంటెన్నా తగిలించొద్దు

ఆంప్స్ ఛానెల్ 334లో బేస్ (అంటే టవర్ పని చేసే మీ ఎస్‌డీఆర్) ప్రసారం 880.020 మెగాహెర్ట్జ్, ఫోన్ ప్రసారం 835.020. ఇవి రెండూ ఇవాళ 4జీ నడుస్తున్న 850 బ్యాండ్‌లోవే. టాక్స్, ఎన్ఎమ్‌టీ-900 అయితే జీఎస్ఎమ్ 900 మీద పడతాయి. లైసెన్స్ లేకుండా గాలిలోకి వదిలితే నేరం, పక్కింటివాళ్ల ఫోన్లకూ ఇబ్బంది. హ్యామ్ లైసెన్స్ ఉన్నా ఇక్కడ పనికిరాదు. మన హ్యామ్ యూహెచ్ఎఫ్ బ్యాండ్ 434 నుంచి 438 వరకే, ఎన్ఎమ్‌టీ-450 బేస్ 463 దగ్గర మొదలవుతుంది. గాలిలో ప్రయోగం చేయాల్సిన కాలేజీలు, ల్యాబులు టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్ ద్వారా ప్రయోగాత్మక లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. మిగతావాళ్లంతా కేబుల్ మీదే పని కానివ్వాలి.

కేబుల్ అమరిక ఇలా ఉండాలి. ఫోన్ యాంటెన్నా కనెక్టర్ నుంచి 10 వాట్ల 30 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే భాగం, ఎంత తగ్గిస్తుందో డీబీల్లో చెబుతారు), దాని తర్వాత మామూలు 30 డీబీ అటెన్యుయేటర్, ఆపైన రెండు దారుల కంబైనర్ (రెండు కేబుళ్లను ఒకదానిలో కలిపేది). కంబైనర్ ఒక కాలు ఎస్‌డీఆర్ రిసీవ్‌కు నేరుగా, రెండో కాలు 20 డీబీ ప్యాడ్ (ఇదీ అటెన్యుయేటరే) మీదుగా ట్రాన్స్‌మిట్‌కు. లెక్క చూడండి: 0.6 వాట్ల హ్యాండ్‌సెట్ 28 డీబీఎమ్ (1 మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్ కొలత) ఇస్తుంది. అటెన్యుయేటర్లలో 60, కంబైనర్‌లో 3 పోతే రిసీవర్‌కు మైనస్ 35 చేరుతుంది. ఎస్‌డీఆర్ 0 డీబీఎమ్ పంపితే ఫోన్‌కు మైనస్ 83 అందుతుంది, అది చాలు. 3 వాట్ల కారు ఫోన్ అయితే రిసీవర్ దగ్గర ఇంకో 7 డీబీ ఎక్కువ కనిపిస్తుంది.

పెద్ద వాట్ల అటెన్యుయేటర్లకు చాలావాటికి ఒకవైపే పవర్ తట్టుకునే ముఖం ఉంటుంది. ఆ ముఖం ఫోన్ వైపు ఉండాలి. కోఠి గుజరాతీ గల్లీలో ఎస్ఎమ్ఏ అటెన్యుయేటర్లు కొంటే, మీద రాసిన అంకెను నమ్మకుండా నానోవీఎన్ఏ అనే చిన్న కొలత పరికరంతో మీరు వాడే ఫ్రీక్వెన్సీ దగ్గర కొలిచి చూసుకోండి.

కాన్ఫిగర్ మధ్యలో ఆగిపోతుంది, లేదా అసలు మొదలే కాదు

ఓస్మోకామ్-అనలాగ్‌ను సోర్స్ నుంచి కట్టేటప్పుడు ఆటోరీకాన్ఫ్ దొరకలేదంటే ఆటోకాన్ఫ్, ఆటోమేక్ లేవు. మ్యాక్రో నిర్వచించలేదంటూ లైబ్రరీ టూల్ పేరు చెబితే లిబ్‌టూల్ ప్యాకేజీ లేదు. "నో ప్యాకేజ్ ఫౌండ్" అంటే ఆ వాక్యంలో ఉన్న పేరే మీకు కావాల్సింది. డెబియన్, ఉబుంటుల్లో దానికి చివర "డెవ్" ఉన్న ప్యాకేజీ వేయాలి. ఓస్మోకామ్ లైబ్రరీని మీరే సోర్స్ నుంచి కట్టినా దొరకట్లేదంటే, పీకేజీ కాన్ఫిగ్ పాత్ వేరియబుల్‌కు యూజర్ లోకల్ కింది లిబ్ పీకేజీకాన్ఫిగ్ ఫోల్డర్ చూపించండి.

అంతా కట్టాక ప్రోగ్రామ్ నడిపితే "షేర్డ్ లైబ్రరీ తెరవలేకపోతున్నా" అంటుందా? సూడోతో ఎల్‌డీకాన్ఫిగ్ ఒకసారి నడపండి, పోతుంది.

లైమ్‌ఎస్‌డీఆర్ ఆప్షన్ ఇస్తే "తెలియని ఆప్షన్" అంటుంది

ఇది ఎక్కువమందిని తికమక పెట్టేది, ఎందుకంటే బిల్డ్ ఒక్క ఎర్రర్ కూడా లేకుండా పూర్తవుతుంది. కాన్ఫిగర్ నడిపిన సమయానికి రేడియో బోర్డుతో మాట్లాడే సోపీ ఎస్‌డీఆర్ గానీ యూహెచ్‌డీ గానీ లేకపోతే, ఎస్‌డీఆర్ మద్దతు లేకుండానే సౌండ్ కార్డ్ వరకు కట్టేసి ఊరుకుంటుంది. లైమ్‌ఎస్‌డీఆర్ బోర్డుకు సోపీ డెవ్ ప్యాకేజీ, సోపీ టూల్స్, ఎల్ఎమ్ఎస్7 మాడ్యూల్ వేయండి. యూఎస్ఆర్‌పీ బోర్డుకు యూహెచ్‌డీ డెవ్, యూహెచ్‌డీ హోస్ట్ వేయండి. ఆ తర్వాత మేక్ క్లీన్ చేసి, కాన్ఫిగర్ మళ్లీ మొదటి నుంచి. ఉత్త మేక్ కొడితే ఫలితం ఉండదు.

ఎస్‌డీఆర్ కనబడట్లేదు

సోపీ యుటిల్‌ను ఫైండ్ ఆప్షన్‌తో నడపండి. సూడోతో కనబడి, మామూలుగా కనబడకపోతే యూడెవ్ (పరికరాలకు అనుమతులిచ్చే లినక్స్ భాగం) నిబంధనల లోపం. నిబంధనల ఫైల్ పెట్టి, ప్లగ్‌డెవ్ గ్రూపులో మీ పేరు చేర్చి, లాగౌట్ అయి రండి. సూడోతో కూడా కనబడకపోతే ఇన్ఫో ఆప్షన్‌తో మాడ్యూళ్ల జాబితా చూడండి. జాబితా ఖాళీగా ఉంటే సోపీ ఒక వెర్షన్, మాడ్యూల్ ఇంకో వెర్షన్ అన్నమాట. మాడ్యూల్స్ 0.7 ఫోల్డర్‌లో ఉన్నదాన్ని 0.8 సోపీ చదవదు. సగం ప్యాకేజీ నుంచి, సగం సోర్స్ నుంచి వేసినవాళ్లకే ఇది ఎక్కువగా వస్తుంది. రెండూ ఒకేచోటి నుంచి వేసుకోండి. యూఎస్ఆర్‌పీ ఫర్మ్‌వేర్ లేదంటే యూహెచ్‌డీ ఇమేజెస్ డౌన్‌లోడర్ నడపాలి.

కొనేముందు ఒక మాట. బేస్ స్టేషన్ ఒకేసారి పంపాలి, వినాలి. హ్యాక్‌ఆర్ఎఫ్ వన్ హాఫ్ డూప్లెక్స్ (ఒకసారికి పంపడమో వినడమో ఒకటే), ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వినడానికే, కాబట్టి ఇవి బేస్‌గా పనికిరావు. లైమ్‌ఎస్‌డీఆర్, లైమ్‌ఎస్‌డీఆర్ మినీ, యూఎస్ఆర్‌పీ బీ200 లాంటివి సరిపోతాయి. ఆర్‌టీఎల్ ఉంటే పారేయకండి, మీ బేస్ ప్రసారం సరిగ్గా ఉందో లేదో పక్క నుంచి చూడటానికి దాన్ని మించింది లేదు.

అండర్‌రన్ సందేశాలు వరదలా వస్తున్నాయి

కంప్యూటర్ సమయానికి శాంపిళ్లు అందించలేకపోతోంది. మధ్యలో ఒక్క తునక పోయినా ఫోన్ చదివే డేటా ఫ్రేమ్ చెడుతుంది, అందుకే దీన్ని సర్దకుండా ముందుకు వెళ్లొద్దు. యూఎస్‌బీ 3 పోర్ట్‌లో, మధ్యలో హబ్ లేకుండా పెట్టండి. సీపీయూ గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చండి. రియల్‌టైమ్ ఆప్షన్‌కు 1 ఇవ్వండి, అనుమతి లేదంటే లిమిట్స్ ఫైల్‌లో మీ యూజర్‌కు ఆర్‌టీ ప్రయారిటీ ఇవ్వాలి. వర్చువల్ మెషీన్‌లో నడుపుతుంటే అదే కారణం, లినక్స్‌ను నేరుగా వేసుకోండి.

ఫోన్ "నో సర్వీస్" అనే చూపిస్తోంది

అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చోబెట్టేది ఇదే. ఇక్కడ చాలామంది మొదట చేసే పని గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) పెంచడం. కేబుల్ మీద మాత్రం సిగ్నల్ తక్కువై చెడేవి కొన్నే, ఎక్కువై చెడేవే చాలా. కాబట్టి గెయిన్ ముట్టుకోకుండా ఈ వరుసలో చూడండి.

ముందు సాఫ్ట్‌వేర్‌ను రేడియో నుంచి వేరు చేయండి. లూప్‌బ్యాక్ ఆప్షన్‌కు 1 ఇస్తే, పంపిన డేటాను ప్రోగ్రామ్ లోపలే తిప్పి తనే చదువుకుంటుంది. సందేశాలు శుభ్రంగా వస్తే సాఫ్ట్‌వేర్‌ది తప్పు కాదు.

తర్వాత ఫ్రీక్వెన్సీ. ఆంప్స్ బేస్ ఫ్రీక్వెన్సీకి సూత్రం తేలిక: 870కి, ఛానెల్ నంబర్‌ను 0.03తో గుణించి కలపండి. ఫోన్ దీనికి 45 మెగాహెర్ట్జ్ కింద పంపుతుంది. ఆర్‌టీఎల్‌తో అక్కడ క్యారియర్ ఉందో లేదో చూడండి. 880 దగ్గర 1 పీపీఎమ్ (పది లక్షల్లో ఒక వంతు) తేడా అంటే 880 హెర్ట్జ్. ఏప్రిల్, మే ఎండల్లో గదిలో బోర్డు వేడెక్కేకొద్దీ ఈ తేడా మారుతూ ఉంటుంది, అందుకే 20 నిమిషాలు నడిచాకే కొలవండి. పాత ఫోన్ క్రిస్టల్ కూడా ఏళ్లు గడిచి పక్కకు జరిగి ఉంటుంది. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఎమ్ నొక్కితే కొలతలు వస్తాయి. ఫోన్ ప్రసారం చేసినప్పుడు అందులో ఆఫ్‌సెట్ (ఫ్రీక్వెన్సీ తేడా) రెండు మూడు కిలోహెర్ట్జ్ దాటితే సర్దాల్సిందే.

మూడోది సిస్టమ్ ఏ, బీ. అమెరికాలో ప్రతి ఊళ్లో ఇద్దరు ఆపరేటర్లు ఉండేవాళ్లు. ఏ సిస్టమ్ కంట్రోల్ ఛానెళ్లు (ఫోన్ నెట్‌వర్క్ కోసం వెతికేవి) 313 నుంచి 333, బీ సిస్టమ్‌వి 334 నుంచి 354. సిస్టమ్ నంబర్ (నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య) బేసి అయితే ఏ, సరి అయితే బీ. మీరు ఛానెల్ 334 నడుపుతూ బేసి నంబర్ ఇస్తే, లేదా ఫోన్‌ను "ఏ ఓన్లీ"లో ఉంచితే, ఎంతసేపు చూసినా సర్వీస్ రాదు. 334కు సరి నంబర్, 333కు బేసి నంబర్ ఇవ్వండి. ఫోన్ మెనూలో సిస్టమ్ ఎంపిక "హోమ్ ఓన్లీ"లో ఉంటే దాన్ని స్టాండర్డ్‌కు మార్చండి. సర్వీస్ వచ్చి "రోమ్" వెలిగితే కంగారు అక్కర్లేదు, ఫోన్‌లో రాసి ఉన్న హోమ్ నంబర్, మీరిచ్చిన నంబర్ వేరు, అంతే.

ఎన్ఎమ్‌టీలో ఇదే పాత్ర దేశం, ట్రాఫిక్ ఏరియాలది. స్వీడన్ ఫోన్‌కు స్వీడన్ కోడ్ ఇవ్వాలి. ఎన్ఎమ్‌టీ-450లో కొన్ని దేశాల ఫోన్లు వేరే ఫ్రీక్వెన్సీ అమరికతో తయారయ్యాయి, కాబట్టి వెనక లేబుల్ చూసి ఏ దేశానిదో ఖాయం చేసుకున్నాకే ఛానెల్ ఎంచుకోండి.

సర్వీస్ వచ్చింది, కానీ సెండ్ నొక్కితే ఏమీ జరగదు

ఫోన్ వింటోంది, బేస్ వినట్లేదు. ఎస్ నొక్కి స్పెక్ట్రమ్ చూడండి. సెండ్ నొక్కిన క్షణంలో ఒకే నిటారు శిఖరం రావాలి. దానికి అటూ ఇటూ సమాన దూరాల్లో పిల్ల శిఖరాలు మొలిచి, కింది నేల మొత్తం పైకి లేస్తే రిసీవర్ ముంచుకుపోతోంది. రిసీవ్ గెయిన్ 10 డీబీ చొప్పున తగ్గిస్తూ పోండి, పిల్ల శిఖరాలు మాయమైన చోట ఆగండి. చాలకపోతే ఇంకో 10 డీబీ ప్యాడ్ పెట్టండి. ఆంప్స్‌లో ఫోన్ పవర్‌ను బేస్ కూడా శాసించగలదు. స్థాయి 0 అత్యధికం, 7 అత్యల్పం, ఒక్కో మెట్టు 4 డీబీ. బల్ల మీద పనికి 7 చాలు.

శిఖరం అసలు రాకపోతే కేబుల్, కనెక్టర్ చూడండి, లేదా ఎస్‌డీఆర్‌లో తప్పు రిసీవ్ పోర్ట్ ఎంచుకున్నారేమో చూడండి.

ఫోన్ ముట్టుకోకపోయినా స్పెక్ట్రమ్‌లో తుంపులు తుంపులుగా పొంగు వస్తోందా? మీ జేబులోని 4జీ ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చూడండి. 824 నుంచి 849 వరకు దాని అప్‌లింక్ కూడా. అది ఆపగానే పోయిందంటే మీ కేబుల్ కవచం సరిగ్గా లేదు, సిగ్నల్ లోపలికి వచ్చే దారినే బయటికీ పోతోంది. చవక పిగ్‌టెయిల్ తీసేసి, అల్లిక నిండుగా ఉన్న కేబుల్ వేయండి.

కాల్ కలిసి అయిదు సెకన్లలో తెగిపోతోంది

ఆంప్స్‌లో మాట్లాడుతున్నంతసేపూ బేస్ 5970, 6000, 6030 హెర్ట్జ్‌లలో ఒక టోన్ పంపుతుంది, ఫోన్ దాన్నే తిప్పి పంపుతుంది. ఆ టోన్ అందకపోతే ఫోన్ అయిదు సెకన్లు చూసి కాల్ వదిలేస్తుంది. ఎన్ఎమ్‌టీలో 4 కిలోహెర్ట్జ్ దగ్గరి నాలుగు టోన్లది ఇదే పని. ఎస్‌డీఆర్ వాడుతుంటే కారణం దాదాపు ఎప్పుడూ పైన చెప్పినట్టు రిసీవర్ ముంచుకుపోవడమే, లేదంటే ఆఫ్‌సెట్. సౌండ్ కార్డుతో పాత వాకీటాకీలు కలిపి నడుపుతుంటే మాత్రం, మైక్, స్పీకర్ దారుల్లోని ఫిల్టర్లు 3 కిలోహెర్ట్జ్ పైన అంతా కోసేస్తాయి. డిస్క్రిమినేటర్ (రిసీవర్‌లో ఎఫ్ఎమ్ సిగ్నల్‌ను విప్పే భాగం) నుంచే సిగ్నల్ తీయాలి, మాడ్యులేటర్‌లోకే నేరుగా ఇవ్వాలి. అప్పటికీ డేటా చదవకపోతే పోలారిటీ తిరగబడి ఉంటుంది, ఫ్లిప్ పోలారిటీ ఆప్షన్ మార్చి చూడండి.

వాయిస్ ఛానెల్‌కు వెళ్లే క్షణంలోనే తెగితే కారణం వేరు. ఒకే ఛానెల్‌ను కంట్రోల్‌కూ మాటకూ కలిపి వాడటం కొన్ని ఫోన్లకు పడదు. రెండో ఛానెల్ ఇవ్వండి. 334తో పాటు 360 తీసుకుంటే రెండూ బీ సిస్టమ్‌లోనే ఉంటాయి, మధ్య దూరం 780 కిలోహెర్ట్జ్. ఎస్‌డీఆర్ శాంపిల్ రేటు ఆ దూరాన్ని ధారాళంగా దాటాలి.

బయటికి కాల్ వెళ్తుంది, లోపలికి రాదు

మీరు కన్సోల్‌లో కొడుతున్న నంబర్, ఫోన్‌లో రాసి ఉన్న నంబర్ ఒకటి కాదు. ఫోన్ నుంచి ఏదో ఒక నంబర్‌కు సెండ్ కొట్టి లాగ్ చూడండి. ఫోన్ 10 అంకెల నంబర్, దాని ఈఎస్ఎన్ (ఎలక్ట్రానిక్ సీరియల్ నంబర్) అక్కడ పడతాయి. ఆ 10 అంకెలనే కొట్టి డీ నొక్కండి. కాల్ పెట్టేయడానికి హెచ్ నొక్కండి.

సెండ్ నొక్కగానే ఫోన్ ఆరిపోతోంది

నెట్‌వర్క్‌కు సంబంధం లేదు. వింటున్నప్పుడు తక్కువ కరెంట్ చాలు, ప్రసారం మొదలవగానే ఒక్కసారిగా లాగుతుంది. ముప్పై ఏళ్ల నికెల్ కాడ్మియం సెల్స్ అంత ఇవ్వలేవు. బ్యాటరీ మీద రాసిన వోల్టేజీకి బెంచ్ సప్లై పెట్టి, కరెంట్ పరిమితి 2 ఆంపియర్లకు తగ్గకుండా ఉంచండి. 3 వాట్ల కారు ఫోన్‌కు 13.8 వోల్టులు, ఇంకా ఎక్కువ కరెంట్, వరుసలో ఒక ఫ్యూజ్. సన్నని క్రొకోడైల్ క్లిప్ వైర్లలోనే ఒక వోల్టు దాకా పడిపోవచ్చు, కాబట్టి వోల్టేజీని సప్లై దగ్గర కాకుండా ఫోన్ టెర్మినళ్ల దగ్గర, సెండ్ నొక్కి ఉంచి కొలవండి.

హెడ్‌సెట్ "బిజీ" అంటుంది, లేదా మాటలో గుయ్యిమనే మోత

డెస్క్‌టాప్‌లో సౌండ్ చూసుకునే పల్స్‌ఆడియో గానీ పైప్‌వైర్ గానీ హెడ్‌సెట్ సౌండ్ కార్డును పట్టుకుని ఉంటుంది. సౌండ్ సెట్టింగుల్లో ఆ కార్డు ప్రొఫైల్‌ను ఆఫ్ చేసి, ఏప్లే జాబితాలోని నంబర్‌నే కాల్ డివైస్‌గా ఇవ్వండి. మోతకు కారణం చాలావరకు ల్యాప్‌టాప్ చార్జర్, బెంచ్ సప్లైల మధ్య ఎర్త్ లూప్. చార్జర్ పీకి చూడండి. ఆగితే రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి, ఆ బోర్డుకు ఎర్త్ నిజంగా ఉందో లేదో టెస్టర్‌తో చూసుకున్న తర్వాతే.