పశువైద్య పరిశోధనను చదివే పద్ధతి: నీలినాలుకతో మొదలుపెట్టి

పశువైద్య విద్యలో చివరి ఏడాదికి వచ్చిన విద్యార్థి పాఠ్యపుస్తకాలు దాటి కొత్త పరిశోధన పత్రాలు చదవడం నేర్చుకోవాలి. ఆ చదువును పెద్ద విషయంతో కాకుండా, మన మందల్లో పుట్టిన ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెట్టడం మేలు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, తడి పేడలోనూ బురదలోనూ పెరిగే క్యూలికాయిడిస్ అనే అతి చిన్న కుట్టు ఈగలు గొర్రెలకు నీలినాలుక వ్యాధిని అంటిస్తాయి. "టీకా వేయించినా మందకు మూతివాపు, కుంటు ఎందుకొచ్చాయి?" అని ఉదయగిరి వైపు కాపరి అడిగితే, అదే మీ పరిశోధన ప్రశ్న.

వెతికేటప్పుడు పబ్‌మెడ్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన పత్రాల సూచీ ఒక్కదానితో సరిపెట్టుకోకండి. మన దేశపు గొర్రెల మీద జరిగిన పని చాలావరకు భారతీయ పత్రికల్లోనూ, విశ్వవిద్యాలయాల థీసిస్‌లలోనూ ఉంటుంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వంటి చోట్ల జరిగిన పని కోసం వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉండే ఆన్‌లైన్ భాండాగారం కృషికోశ్‌ను తప్పక చూడండి. ఆశించిన ఫలితం రాని ప్రయోగాలు పత్రికలకెక్కడం అరుదు; అవి థీసిస్‌లలోనే మిగిలిపోతాయి కాబట్టి వాటిని చదవనివారికి టీకా ఎప్పుడూ పనిచేసినట్టే కనిపిస్తుంది. జాతి పేరుతోనూ వెతకండి: నెల్లూరు గొర్రెలో పల్ల, జోడిపి, దోర రకాలున్నాయి, పత్రంలో ఏ రకం వాడారో గమనించండి.

పత్రం చేతికి రాగానే సారాంశాన్ని పక్కన పెట్టి, పద్ధతుల భాగం చదవండి. నీలినాలుక వైరస్‌లో ఇరవై నాలుగుకు పైగా సెరోటైపులు, అంటే యాంటీబాడీలు వేరువేరుగా గుర్తించే రకాలు, ఉన్నాయి. ఒకదానికి వచ్చిన రక్షణ మరొకదానికి పూర్తిగా పనిచేయదు. మన దేశపు ఐదు సెరోటైపుల టీకాలో 1, 2, 10, 16, 23 ఉన్నాయి. కాబట్టి యాంటీబాడీలు ఎలా కొలిచారన్నదే అసలు ప్రశ్న. కాంపిటీటివ్ ఎలీసా అనే రక్తపరీక్ష అన్ని సెరోటైపులకూ ఉమ్మడిగా ఉండే వీపీ7 ప్రోటీన్‌కు వ్యతిరేకంగా వచ్చిన యాంటీబాడీలను చూపుతుంది. ఏ సెరోటైపు నుంచి రక్షణ ఉందో చెప్పదు, అవి టీకా వల్ల వచ్చాయా, వ్యాధి సోకి వచ్చాయా అన్నదీ చెప్పదు. ఆ వివరం కావాలంటే ప్రధానంగా వీపీ2 ప్రోటీన్‌ను బట్టి సెరోటైపును గుర్తించే న్యూట్రలైజేషన్ పరీక్ష (యాంటీబాడీలు వైరస్‌ను అడ్డుకుంటాయో లేదో చూసేది) చేసి ఉండాలి. ఎలీసా ఫలితం మాత్రమే చూపి "రక్షణ కలిగింది" అని రాసిన పత్రం రుజువు చేసినదానికన్నా ఎక్కువ చెప్పినట్టే.

తరువాత లెక్క చూడండి. నాలుగు మందల నుంచి యాభై చొప్పున 200 గొర్రెలను తీసుకున్నారనుకుందాం. ఒకే మందలోని జీవాలు ఒకే చోట మేస్తాయి, ఒకే నీరు తాగుతాయి, ఒకే ఈగల బారిన పడతాయి, కాబట్టి వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. మందలోని ఆ పోలికను తెలిపే సహసంబంధ గుణకం 0.1 అయితే, యాభై జీవాల మందలకు సమాచారం ఎన్ని రెట్లు తగ్గుతుందో 1 + (50 − 1) × 0.1 = 5.9 చెబుతుంది; 200ను దీనితో భాగిస్తే సమాచారం సుమారు 34 స్వతంత్ర గొర్రెలతో సమానం. మందను లెక్కలోకి తీసుకోకుండా విశ్లేషించిన పత్రంలోని పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశాన్ని తెలిపే సంఖ్య) ఎంత చిన్నదైనా దాన్ని నమ్మి ముందుకు వెళ్ళకండి. మన పొలాల్లో జరిగే అధ్యయనాల్లో ఎక్కువగా కనబడే లోపం ఇదేనని నా అభిప్రాయం.

చదివిన ప్రతి పత్రానికీ నోటుపుస్తకంలో ఒక పేజీ కేటాయించి, ప్రశ్న, ఎన్ని మందలు, నియంత్రణ సమూహం (పోల్చి చూసేందుకు టీకా వేయకుండా ఉంచిన జీవాలు) ఉందా, వాడిన పరీక్ష, ఫలితం రాసుకోండి. ఆ తరువాత, వానలకు ముందే మందల దగ్గరికి వెళ్ళి, టీకా ఏ నెలలో వేశారో, చల్లదనంలో నిలువ ఉంచారో లేదో, రెండేళ్ళలో ఎన్ని జీవాలు చనిపోయాయో అడిగి, ఆ పేజీ పక్కనే రాయండి.