ఎండాకాలంలో సీ హారియర్ మోడల్ చేస్తున్నారా? పెట్టె విప్పకముందు ఈ జాగ్రత్తలు చూడండి

పరీక్షలు అయిపోయి సెలవులిచ్చే ఏప్రిల్‌లోనే మా అనంతపురంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే బెంగళూరు నుంచి కొరియర్‌లో మోడల్ కిట్లు, అంటే ముక్కలు అతికించి రంగు వేసుకునే ప్లాస్టిక్ విమానాల పెట్టెలు వస్తాయి. ఏడాదంతా దాచుకున్న డబ్బుతో కొన్న పెట్టె చేతికొచ్చాక ఆగడం కష్టమని నాకు తెలుసు. పదిహేనేళ్లుగా నేనూ అలాంటి పెట్టెల కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను. కానీ ఈ పనిలో వాడే జిగురు, థిన్నర్, రంగు అన్నీ ఎండతో పాటు తీరు మార్చుకుంటాయి. పైన స్లాబు కాగుతూ, లోపల ఫ్యాన్ వేడిగాలి కొడుతున్న గదిలో డబ్బా మీది సూచనలు మాత్రమే పాటిస్తే సరిపోదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మన పెద్దలు. ఆ ఎండలో థిన్నర్ ఎంత తొందరగా ఆవిరై గదంతా నిండుతుందో ఆలోచించండి.

నేను ఇక్కడ చెప్పేది 1/72 స్కేలు సీ హారియర్ గురించి. అసలు విమానం పొడవు సుమారు 14.5 మీటర్లు, మోడల్ 20 సెంటీమీటర్లు. మన నౌకాదళానికి తొలి సీ హారియర్లు 1983 చివర్లో గోవాకు వచ్చాయి. తర్వాత విమానవాహక నౌక ఐఎన్ఎస్ విరాట్ మీద నుంచి ఎగిరాయి. 2016 మేలో సెలవు తీసుకున్నాయి. ఇప్పుడు విశాఖపట్నం బీచ్ రోడ్డుకు వెళ్తే ఒకదాన్ని దగ్గర నుంచి చూడొచ్చు. సముద్రం లేని సీమలో పుట్టిన పిల్లలు ఈ విమానాన్ని ఇంత ఇష్టంగా చేయడం నాకు చాలా సంతోషం. అందుకే ఆ ఇష్టం ఆసుపత్రి దాకా పోకూడదని ఇదంతా రాస్తున్నాను. వేరే విమానం చేస్తున్నా జాగ్రత్తలు ఇవే.

అన్నిటికంటే ముందు సీసాల సంగతి. కొన్నేళ్ల కిందట ఒక మే నెలలో, మిగిలిన థిన్నర్‌ను ఖాళీ వాటర్ బాటిల్‌లో పోసి కిటికీ గూట్లో పెట్టాను. మధ్యాహ్నం కరెంటు పోయింది. బయట ఆడుకుని వచ్చిన మా అక్క కొడుకు, తొమ్మిదేళ్లవాడు, "మామా, దప్పికైతాంది" అంటూ ఆ బాటిల్ మూత తీశాడు. వాసన ముక్కుకు తగిలి వాడే ఆగాడు. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. ఎండాకాలంలో దాహంతో వచ్చే మనిషి బాటిల్‌లో ఏముందో చూడడు, మూత తీసి ఎత్తుతాడు. కాబట్టి థిన్నర్, జిగురు, రంగు వచ్చిన డబ్బాల్లోనే ఉండాలి. నీళ్ల బాటిల్‌లోకి, కూల్‌డ్రింక్ బాటిల్‌లోకి, స్టీలు గ్లాసులోకి ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకండి. బ్రష్ కడగడానికి గాజు సీసా వాడితే దాని మీద పెద్ద అక్షరాలతో విషం అని తెలుగులో రాసి అంటించండి. చదవడం రాని పిల్లల కోసం తాళం వేసే అలమరలో పెట్టండి. తాగే నీళ్లు పని చేసే గది బయటే ఉంచండి, దాహమైతే లేచి వెళ్లి తాగండి.

పొరపాటున ఎవరైనా థిన్నర్ మింగితే వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టడం లాంటివి చేస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. 108కి ఫోన్ చేయండి, ఆ డబ్బాను వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

రెండోది నిప్పు. ప్లాస్టిక్ జిగురులో, థిన్నర్‌లో ఉండే ద్రావకాల ఆవిరి గాలికంటే బరువు. అది పైకి పోకుండా నేల వెంట పాకుతుంది. పని చేసే టేబుల్ దగ్గర నిప్పు లేదు కదా అనుకుంటాం, కానీ గడప అవతల పూజగదిలో దీపం వెలుగుతూ ఉంటుంది, మంచం కింద దోమల చుట్ట రాజుకుంటూ ఉంటుంది. వంటింట్లో పొయ్యి ఉంటుంది. కాబట్టి జిగురు మూత తీసేముందు ఇంట్లోవాళ్లకు చెప్పండి. పని మధ్యలో కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించకండి. మూతలన్నీ పెట్టేసి టార్చి వేసుకుని బయటికి రండి. స్ప్రే క్యాన్లు మిద్దె మీద రేకుల షెడ్డులో పెట్టే అలవాటు చాలామందికి ఉంది. 50 డిగ్రీలకు మించిన వేడి తగలకూడదని వాటి మీదే రాసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద అంత వేడి ఉండదని ఎవరం చెప్పలేం. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, నేల మీద ఒక మూలన పెట్టుకోండి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. మోడల్‌కు పాతదనం తేవడానికి ఆర్టిస్టులు వాడే ఆయిల్ కలర్స్ పూస్తాం. వాటిలో అవిసె నూనె ఉంటుంది. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దగా చుట్టి చెత్తబుట్టలో పడేస్తే, ఆరే క్రమంలో వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరనివ్వండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

ఇప్పుడు గాలి సంగతి. మా ఊళ్లో ఇదే అసలు చిక్కు. కిటికీ తెరిస్తే ఎర్రదుమ్ము వచ్చి తడి రంగు మీద వాలుతుంది, మూస్తే ఆవిరి మన ఊపిరితిత్తుల్లోకే పోతుంది. సీ హారియర్ తొలి రోజుల రంగుల్లో పైభాగం ముదురు బూడిద, అడుగు తెలుపు. ఆ తెలుపు మీద ఒక్క నలుసు పడినా దూరానికి కనిపిస్తుంది. అందుకని పిల్లలు తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చుంటారు. ఇది చాలా పెద్ద తప్పు. దుమ్ము పడితే ఆరాక సన్నని వాటర్ పేపర్‌తో రుద్ది మళ్లీ వేసుకోవచ్చు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలయ్యాయంటే మాత్రం అప్పటికే పీల్చకూడనిది పీల్చేశామని అర్థం.

నేను చేసే పద్ధతి చెప్తాను. ఎయిర్ కూలర్‌ను పక్క గదిలో పెడతాను. దాని గాలి తలుపు గుండా మెల్లగా నా గదిలోకి వచ్చి, నా వెనక నుంచి ముందుకు సాగి, ఎదురుగా తెరిచిన కిటికీలోంచి బయటికి పోతుంది. గాలి లోపలి నుంచి బయటికి పోతూ ఉంటే బయటి దుమ్ము లోపలికి రావడం బాగా తగ్గుతుంది. కూలర్ గాలి నేరుగా మోడల్ మీద పడకుండా చూడాలి, ఆ తేమకు రంగు పాలిపోయినట్టు తెల్లగా అవుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపేయాలి. పని మొదలుపెట్టే ముందు నేల తడిగుడ్డతో తుడిచి, కిటికీకి తడిపిన పల్చటి పాత చీర కడితే ఇంకా మంచిది. గోడకు బిగించే మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వైపు లాకర్ (ఘాటైన థిన్నర్‌తో కలిపే) రంగు స్ప్రే చేయకండి. దాని మోటారులో నిప్పురవ్వ పుడితే చాలు.

మాస్కు గురించి ఒక అపోహ ఉంది. కోవిడ్ రోజుల్లో మిగిలిన సర్జికల్ మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు. ఎన్-95 కూడా రుద్దినప్పుడు లేచే పొడిని, రంగు తుంపరల్ని ఆపుతుంది కానీ ఆవిరిని ఆపలేదు. దానికి ద్రావకాల ఆవిరిని పట్టి ఉంచే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. అది కొనే స్తోమత లేకపోతే ఎండాకాలం నాలుగు నెలలూ నీటితో కలిపే అక్రిలిక్ రంగులే వాడండి. నా సలహా ఇంకా సూటిగా చెప్పాలంటే, పిల్లలు ఉన్న ఇంట్లో లాకర్, ఎనామెల్ రంగులు మృగశిర వచ్చి వాతావరణం చల్లబడేదాకా పెట్టెలోనే ఉండనీయండి. హార్డ్‌వేర్ షాపులో చౌకగా దొరుకుతుందని ఎన్.సి. థిన్నర్ తెచ్చుకోవద్దు. ఆరోగ్యం సంగతి అలా ఉంచితే, అది పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌నే కరిగించి రెక్క మీద ముడతలు పుట్టిస్తుంది.

అక్రిలిక్ రంగుకూ ఎండతో ఇబ్బంది ఉంది. గాలి ఒత్తిడితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ సూది మొనలోనే ఆరిపోతుంది, లేదా గాల్లోనే ఆరి మోడల్ మీద గరుకుగా పడుతుంది. అప్పుడు టెన్షన్ పడి ప్రెషర్ పెంచకండి, ఇంకా ఆరుతుంది. 15 నుంచి 20 పీఎస్ఐ మధ్యే ఉంచి, రంగు పల్చగా కలిపి, ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ రెండు మూడు చుక్కలు వేసి, కొంచెం దగ్గర నుంచి కొట్టండి. తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఎనిమిది లోపు ఈ పని ముగించడం మేలు. ఆ వేళ గాలీ తక్కువ, దుమ్మూ తక్కువ. పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా రంగు, జిగురు ముట్టకండి. ఆ సమయంలో బొమ్మలు చూసి ప్లాన్ వేసుకోండి, లేదా నిద్రపోండి.

బ్లేడు పని కూడా చల్లపూటే చేయాలి. చెమట పట్టిన వేళ్లలో కత్తి జారుతుంది. మన ఇళ్లలో అరుగులు, అలమరలు అంతా కడప బండే కదా, దాని మీద పెట్టి కోస్తే బ్లేడు మొన విరిగి కంటికి ఎగురుతుంది. కటింగ్ మ్యాట్ కొనుక్కోండి. భాగాలన్నీ అతుక్కుని వచ్చే ఫ్రేమ్ నుంచి చిన్న ముక్కల్ని కట్టర్‌తో తుంచేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. కత్తి చేతిలోంచి జారితే పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి తీయండి. వట్టి కాళ్లతో కూర్చోకండి. వాడిన బ్లేడ్లను మూత ఉన్న ప్లాస్టిక్ మాత్రల డబ్బాలో వేసి, నిండాక టేపు చుట్టి పారేయండి. పొద్దున్నే మన చెత్తను చేతులతో వేరుచేసే మున్సిపల్ మనిషి వేళ్లు తెగితే ఆ తప్పు మనదే.

ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ గ్లూ వాడేటప్పుడు బట్టల మీద కన్నేసి ఉంచండి. ఎండాకాలం ఇంట్లో మనం కట్టుకునేది నూలు లుంగీ, బనియన్. నూలు మీద ఈ జిగురు ఒలికితే ఒక్కసారిగా పొగలొచ్చేంత వేడి పుట్టి చర్మం కాలుతుంది. దూదితో, నూలుగుడ్డతో తుడవకండి. ఒలికిన చోట వెంటనే చల్లటి నీళ్లు ధారాళంగా పోయండి. వేళ్లు అతుక్కుంటే లాగకుండా గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టండి. కంట్లో పడితే రెప్పలు బలవంతంగా తెరవకుండా నీళ్లతో కడుగుతూ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ జిగురు మన పొడిగాలిలో కాస్త ఆలస్యంగా పట్టుకుంటుంది. పట్టలేదని మరో నాలుగు చుక్కలు వేసి అక్కడే మూతి పెట్టి చూసేవాళ్లను చూశాను, ఆ ఆవిరి కళ్లను మండిస్తుంది. పైలట్ కూర్చునే గాజు భాగానికి అసలు వాడకండి, తెల్లగా మసకబారుతుంది. దానికి తెల్ల ఫెవికాల్ చాలు, ఆరాక కనపడదు.

సీ హారియర్ దళం గుర్తైన తెల్లపులి బొమ్మ, అంకెలు, గుండ్రటి జాతీయ చిహ్నాలు నీళ్లలో నానబెట్టి అంటించే డెకాల్స్‌గా వస్తాయి. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లలో నానబెడితే ఆరాక డెకాల్ చుట్టూ తెల్లటి చార మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఇన్వర్టర్ బ్యాటరీల షాపులో కొనేటప్పుడు మాత్రం సీసా మీద ఏం రాసి ఉందో చదివి తీసుకోండి. అక్కడే పక్కన బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు.

విమానం పూర్తయ్యాక దాన్ని చుట్టాలకు చూపించాలని కార్లో తీసుకెళ్తాం. దారిలో సప్తగిరి సర్కిల్ దగ్గర ఆగి, కారు ఎండలో పెట్టి షాపింగుకు దిగకండి. అద్దాలు మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద సన్నని ల్యాండింగ్ గేర్ కాళ్లు, క్షిపణి రెక్కలు వంగిపోతాయి. వంగినదాన్ని తిరిగి నిలబెట్టబోతే విరుగుతుంది. పెట్టెను దూదితోనో స్పాంజితోనో సర్ది, సీటు కింద నీడలో ఉంచి, దిగినప్పుడల్లా చేతిలో పట్టుకుని దిగండి.