నాయకుడు నోరు జారిన క్లిప్ పంపే ముందు

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో టీ చేతికి వచ్చేలోపే క్లిప్ పది గ్రూపులు దాటిపోతుంది. ఫార్వర్డ్ నొక్కే ముందు ఇవి చూసుకోండి.

• క్లిప్ ఎక్కడ తెగింది? 2018 మార్చిలో కర్ణాటకలో అమిత్ షా అవినీతిలో తమ బీజేపీ నేత యడ్యూరప్ప ప్రభుత్వమే ముందని అనేశారు. పక్కవాళ్లు చెప్పగానే కాంగ్రెస్ నేత సిద్ధరామయ్య ప్రభుత్వం అని దిద్దుకున్నారు. 2024 జూలైలో నాటో సమావేశంలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని, ఆ దేశంతో యుద్ధం చేస్తున్న రష్యా అధ్యక్షుడు పుతిన్ పేరుతో పిలిచి, వెంటనే సరిచేసుకున్నారు. దిద్దుకున్న ముక్క కోసేసి పంపితే అది అబద్ధం కిందే లెక్క.

• పాతదా, కొత్తదా? ఎన్నికలప్పుడు పాతవే మళ్లీ తిరుగుతాయి.

• తడబడింది నాలుకా, బయటపడింది మనసులో మాటా? పేరు మారిపోవడం ఎవరికైనా జరుగుతుంది, పైగా లైవ్‌లో టెన్షన్ ఉంటుంది. ఒక కులాన్నో, ఆడవాళ్లనో కించపరిచి, తర్వాత "నోరు జారింది" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. దాన్ని నిలదీయాల్సిందే, పూర్తి వీడియోతో.

• యాసను తప్పుగా లెక్కేయకండి. మన మాటను ఎవరైనా వెక్కిరిస్తే ఎంత కాలుతుందో సిక్కోలు వాళ్లకు ఒకరు చెప్పాలా? నత్తి కూడా అంతే. బైడెన్‌కి అది చిన్నప్పటి నుంచీ ఉంది.

• అదే మాట మీ పార్టీ నాయకుడు అని ఉంటే పంపేవారా? నేను ఇక్కడే చాలాసార్లు ఆగిపోయాను.

• ఇప్పటికే పంపేశారా? సరిదిద్దుకున్న భాగం కూడా అదే గ్రూపులో పెట్టండి.