పీఎఫ్ కనీస వేతనం మీద కోస్తున్నారా, సగం జీతం మీదా? ఎలా చూసుకోవాలి, ఎలా అడగాలి

నెల్లూరు అపార్ట్‌మెంట్ల దగ్గర సెక్యూరిటీ గార్డుల్నో, రొయ్యల ప్లాంట్లలో కాంట్రాక్టు మీద చేసేవాళ్ళనో, ఒంగోలు షోరూముల్లో సేల్స్ పిల్లల్నో అడిగి చూడండి. జీతం ఎంతో టక్కున చెబుతారు, పీఎఫ్ ఎంత కోస్తున్నారో కూడా చెబుతారు. ఏ మొత్తం మీద కోస్తున్నారని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబుండదు. మన డబ్బు తగ్గేది సరిగ్గా అక్కడే.

ముందు మీ పనికి కనీస వేతనం ఎంతో తెలుసుకోండి

రాష్ట్రంలో అన్ని పనులకూ ఒకే రేటు ఉండదు. పనిని బట్టి, నైపుణ్యాన్ని బట్టి మారుతుంది. బేసిక్ మీద వీడీఏ అని కరువు భత్యం కలుపుతారు, అది ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది కాబట్టి పాత కాగితం పట్టుకుని వాదనకు దిగకండి. కొత్త రేట్లు రాష్ట్ర కార్మిక శాఖ వెబ్‌సైట్లో ఉంటాయి. చీమకుర్తి వాళ్ళకు ఒక మెలిక ఉంది: గ్రానైట్ క్వారీ గని కిందికి వస్తుంది, అక్కడ కేంద్రం రేటు చూసుకోవాలి. అదే రాయి పాలిషింగ్ ఫ్యాక్టరీకి చేరాక రాష్ట్రం రేటు. ఒకే ఊళ్ళో ఒకే రాయి మీద పనిచేసే ఇద్దరికి రెండు లెక్కలన్నమాట.

తర్వాత జీతం చీటీ తీసి విడగొట్టి చూడండి

లెక్క కోసం కనీస వేతనం 13,000 అనుకుందాం. చీటీలో కూడా మొత్తం 13,000 ఉంటుంది, చూడ్డానికి అంతా పద్ధతిగానే కనిపిస్తుంది. లోపల చూస్తే బేసిక్ 5,000, ఇంటి అద్దె 4,000, కన్వేయన్స్ (రాకపోకల ఖర్చు) 2,000, స్పెషల్ అలవెన్స్ 2,000. పీఎఫ్ 12 శాతం ఆ 5,000 మీదే, అంటే 600. మొత్తం 13,000 మీదయితే 1,560 కోయాలి.

‘పోనీలే, నా చేతికి 960 ఎక్కువొస్తోంది గదా’ అనుకునేవాళ్ళు ఉన్నారు. కానీ మీ వాటా ఎంత తగ్గితే యజమాని వాటా కూడా అంతే తగ్గుతుంది. మీ ఖాతా వైపు రావాల్సింది నెలకు 1,920, ఏడాదికి 23,040 తగ్గిపోతోంది, అందులో సగం అసలు మీ జేబులోంచి కాకుండా యజమాని జేబులోంచి రావాల్సిన డబ్బు. పెన్షన్ సంగతి ఇంకా అన్యాయం. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్‌కు పోతుంది, పెన్షన్ లెక్కేమో జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించడం. పదిహేనేళ్ళ సర్వీసుకు 13,000 మీద దాదాపు 2,786 వస్తే, 5,000 మీద 1,071 వస్తుంది. ఉద్యోగి పోతే కుటుంబానికిచ్చే ఈడీఎల్ఐ బీమా లెక్క కూడా ఈ వేతనం మీదే.

పాస్‌బుక్‌తో సరిపోల్చండి

ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతా గుర్తింపు నంబరు)తో పాస్‌బుక్ తెరవండి. అందరూ బ్యాలెన్స్ చూసి మూసేస్తారు. మీరు ఈపీఎఫ్ వేజెస్ అన్న గడి చూడండి, యజమాని ఏ మొత్తం చూపించాడో అందులో ఉంటుంది. 13,000 చూపించి ఉంటే మీ వాటా 1,560, యజమాని వాటా 477, పెన్షన్ 1,083 అని పడాలి. యజమాని వాటా 477 చూసి కంగారు పడొద్దు, పెన్షన్‌తో కలిపితే సరిపోతుంది. ఇంకో కిటుకు హాజరులో చేస్తారు: నెలంతా పనిచేయించుకుని 15 రోజులే చూపించి, మిగతాది క్యాష్‌గా చేతిలో పెడతారు. మీ మస్టర్ రోజులు మీరూ ఒక డైరీలో రాసుకోండి.

అడిగే ముందు చట్టం ఏమంటోందో తెలుసుకోండి

ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. కనీస వేతనం మొత్తం మీద పీఎఫ్ కట్టి తీరాలని కోర్టులు గుడ్డిగా అనలేదు. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, అందరికీ మామూలుగా ఇచ్చే అలవెన్సులు పీఎఫ్ లెక్కలో కలపాలంది. కాబట్టి అందరికీ ఒకేలా ఇచ్చే ఆ స్పెషల్ అలవెన్స్ తప్పించుకోలేదు. ఇంటి అద్దె మాత్రం పీఎఫ్ చట్టంలోనే మినహాయింపు. 2023లో ఒక సెక్యూరిటీ సంస్థ కేసులో, పీఎఫ్ చట్టంలోని బేసిక్, కనీస వేతనం ఒకటే కానక్కర్లేదన్న వాదనే నిలిచింది. మేనేజ్‌మెంట్లు చూపించేది దాన్నే.

2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాక పరిస్థితి మారింది. మినహాయించే అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంతా తిరిగి వేతనంలో కలుస్తుంది. మన లెక్కలో అద్దె, కన్వేయన్స్ కలిపి 6,000, సగం దాటలేదు, అంటే వేతనం 7,000. బాగానే ఉంది గదా అంటారు, కానీ 1948 నాటి కనీస వేతనాల చట్టంలో ఇంటి అద్దె కూడా వేతనంలో కలిసేది, కొత్త నిర్వచనంలో కలవదు. కనీస వేతనం 13,000 ఇవ్వాల్సిన చోట మీకిస్తున్న ‘వేతనం’ 7,000 అయితే, అది పీఎఫ్ తగాదా ఒక్కటే కాదు, కనీస వేతనం ఎగ్గొట్టడం. నా లెక్కలో మీకున్న గట్టి పాయింట్ ఇదే.

మీ వాటా కోశాక చేతికి 13,000 కంటే తక్కువ రావడం మాత్రం తప్పు కాదు. యజమాని వాటా కూడా మీ జీతంలోంచే లాగడం తప్పు, 24 శాతం కోసే కాంట్రాక్టర్లు ఉన్నారు. ఇక జీతం 15,000 దాటితే, ఆ 15,000 మీద 1,800 కట్టి ఆపుకునే వీలు యజమానికుంది.

ఇప్పుడు అడగండి

అకౌంట్స్ ఆయన దగ్గర గొడవ పెట్టుకోవద్దు. ‘సార్, నా ఈపీఎఫ్ వేజెస్ ఎంత చూపిస్తున్నారు, స్పెషల్ అలవెన్స్ ఎందుకు కలపలేదు?’ అని కాగితం మీద రాసివ్వండి, ఒక కాపీ మీద తేదీ వేయించుకోండి. నలుగురు కలిసి ఇస్తే మేలు, ఒక్కడే ఇస్తే మరుసటి నెల డ్యూటీ చార్టులో పేరుండకపోవచ్చు. కాంట్రాక్టరు ‘కంపెనీనడుగు’ అంటే కంపెనీకీ ఒక కాపీ ఇవ్వండి, కాంట్రాక్టు కార్మికుల పీఎఫ్‌కు అసలు యజమానిదీ బాధ్యతే.

పలక్కపోతే పీఎఫ్ ఫిర్యాదు ఈపీఎఫ్ఐజీఎంఎస్ పోర్టల్‌లో పెట్టండి, లేదా 14470కి ఫోన్ చేయండి. నెలనెలా 27న జిల్లాల్లో ‘నిధి ఆప్కే నికట్’ శిబిరం పెడతారు, అక్కడ అధికారులతోనే మాట్లాడొచ్చు. కనీస వేతనం ఫిర్యాదు మాత్రం పీఎఫ్ వాళ్ళు తీసుకోరు, దానికి కార్మిక శాఖ ఆఫీసుకు పోవాలి, క్వారీ వాళ్ళయితే కేంద్ర కార్మిక శాఖకు. రెండు చోట్లకూ జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్, పాస్‌బుక్ ప్రింటు పట్టుకెళ్ళండి. చీటీ ఇవ్వని చోట బ్యాంకులో పడిన మొత్తం, మీ డైరీ రోజులు, ఐడీ కార్డు జిరాక్సు పెట్టండి.