నెట్ ఎక్కడ ఆగుతోందో పింగ్‌తో పట్టుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో గట్టి వాన పడితే మా కూకట్‌పల్లి వీధిలో ముందు ఆగిపోయేది వీడియో కాల్. ఫోన్ చేస్తే నెట్ అబ్బాయి ఒకటే మాట: "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్." తప్పు మన ఇంట్లోనా, బయట లైన్‌లోనా అన్నది ముందే మనం తేల్చుకోవచ్చు. అందుకు 1983లో మైక్ మ్యూస్ రాసిన పింగ్ చాలు. అవతలి మెషిన్‌కి చిన్న సందేశం పంపి, జవాబు వస్తుందో లేదో చూపించే ప్రోగ్రామ్ అది.

ముందు విండోస్‌లో సీఎండీ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరవండి. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో పింగ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, రౌటర్ అడ్రస్ ఇవ్వండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1. కాకపోతే రౌటర్ అడుగున స్టిక్కర్ చూడండి.

నాలుగు ప్యాకెట్లు (చిన్న డేటా మూటలు) పంపి ఆగిపోతుంది. వచ్చిపోయే నెట్‌కి నాలుగుతో ఏమీ తేలదు. చివర స్పేస్, డ్యాష్, టి చేర్చండి. కంట్రోల్ సి నొక్కేదాకా పంపుతూనే ఉంటుంది. యాభై చాలంటే డ్యాష్ ఎన్ 50.

ఇంకో విండోలో గూగుల్ సర్వర్ 8.8.8.8కి కూడా ఇలాగే పెట్టి, రెండూ పక్కపక్కన చూడండి. రౌటర్ నుంచి జవాబులు వరసగా వస్తూ, రెండోదాంట్లో మాత్రం "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" పడుతుంటే గొడవ బయటిది. రౌటరే తడబడుతుంటే వైఫైని అనుమానించండి, ల్యాన్ కేబుల్ పెట్టి మళ్లీ చూడండి.

లినక్స్‌లో ఇవే అక్షరాలు కొడితే తికమకే. నేనూ బోల్తా పడ్డాను. అక్కడ డ్యాష్ టి అంటే టీటీఎల్, అంటే ప్యాకెట్ ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే అంకె. లెక్కకి డ్యాష్ సి వాడాలి. అది లేకపోతే లినక్స్ పింగ్ దానంతట అది ఆగదు. డ్యాష్ ఐ అక్కడ ప్యాకెట్ల మధ్య సెకన్లు, విండోస్‌లోనేమో టీటీఎల్. అందుకే విండోస్‌లో డ్యాష్ ఐ 1 అని 8.8.8.8కి పంపితే మొదటి రౌటర్ దగ్గరే ప్యాకెట్ చచ్చిపోతుంది.

వాట్సాప్ బాగానే ఉండి ఆఫీసు వీపీఎన్ మాత్రం వేలాడుతుంటే ప్యాకెట్ సైజు పరీక్షించండి: విండోస్‌లో డ్యాష్ ఎఫ్ (ముక్కలు చేయొద్దని), డ్యాష్ ఎల్ 1472 (సైజు బైట్లలో). ఎల్ చిన్నది, ఒకటి అంకె కాదు. మామూలు ఈథర్‌నెట్ హద్దు 1500 బైట్లు. హెడర్లకు (ప్యాకెట్ ముందు ఉండే అడ్రస్ వగైరా వివరాలకు) 28 పోతే మిగిలేది ఇదే. ముక్కలు చేయాలంటూ ఎర్రర్ వస్తే 1464 ప్రయత్నించండి. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే) కనెక్షన్లలో హద్దు అక్కడే ఉంటుంది.

జవాబు రానంత మాత్రాన సైట్ పడిపోయినట్టు కాదు, కొన్ని సర్వర్లు పింగ్‌కి పలకవు. నెట్ అబ్బాయికి ఫోన్ చేసేముందు ఆ రెండు విండోల స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేయండి.