క్లేర్ కౌంటీలోని కారన్‌ను, దాని చుట్టుపక్కల ఊళ్లను ఒక్క రోజులో చూడడం ఎలా

ఐర్లాండ్ పశ్చిమాన క్లేర్ కౌంటీలో బర్రెన్ అనే సున్నపురాతి నేల నడుమ కారన్ అనే చిన్న పల్లె ఉంది. సొంత కారు లేకుండా అక్కడికి చేరడం కష్టం. ఉత్తరాన సముద్రపొడ్డున ఉన్న బాలీవాన్‌లో తాగునీరు, తినుబండారాలు తీసుకుని ఉదయాన్నే బయలుదేరాలి.

వీలుంటే మే నెలలోనే వెళ్లండి. అప్పుడు రాళ్ల మధ్య స్ప్రింగ్ జెన్షియన్ ముదురు నీలంగా పూస్తుంది. ఆ పూలు అంతగా పూయడానికి ఇక్కడి పశుపోషణే ఒక ముఖ్య కారణం. సాధారణంగా పశువులను వేసవిలో కొండలపైకి తోలతారు. బర్రెన్ రైతులు మాత్రం, వాననీటిని ఇట్టే కిందికి దించేసి పొడిగా ఉండే, వేసవి వేడిని కొంత నిలుపుకునే ఆ సున్నపురాతి కొండల మీదికి చలికాలంలో తోలతారు. అవి ముతక గడ్డిని మేసేయడంతో వసంతంలో చిన్న మొక్కలకు వెలుతురు అందుతుంది. ఈ సంగతి తెలుసుకుని చూస్తే బీడులా కనిపించే నేల కూడా తరాల సేద్యంగా అర్థమవుతుంది.

ఆర్ 480 రోడ్డు మీద దక్షిణంగా వెళ్తే పౌల్నబ్రోన్ రాతి సమాధి వస్తుంది. 1986లో మొదలైన తవ్వకాల్లో 30 మందికి పైగా మనుషుల అవశేషాలు దొరికిన, అయిదు వేల ఏళ్లకు పైబడిన కట్టడమిది. దయచేసి అక్కడి రాళ్లను పేర్చి చిన్న గోపురాలు కట్టకండి; ఆ సరదా వల్ల నేలకు నిజంగానే హాని జరుగుతోంది. తడిసిన రాయి జారుతుంది, పగుళ్లు లోతుగా ఉంటాయి కాబట్టి పిల్లల చెయ్యి వదలకూడదు.

కాహర్‌కానెల్ రాతికోట దాటి ఎడమకు తిరిగితే కారన్ చేరతారు. వానాకాలపు చెరువులా నిండి, ఎండాకాలంలో పచ్చికబయలుగా మారే టర్లాక్ ఇక్కడే ఉంది. ఐర్లాండ్ సంప్రదాయ క్రీడల సంస్థ అయిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను 1884లో స్థాపించినవారిలో ప్రముఖుడైన మైఖేల్ క్యూసాక్ 1847లో పుట్టింది ఈ పల్లెలోనే. దారులు ఇరుకు, ఎదురుగా ట్రాక్టరు వస్తే వెడల్పున్న చోట ఆగి దారి ఇవ్వాలి, తెరిచిన గేటును తిరిగి మూయాలి.

మధ్యాహ్నం లీమనే కోటను రోడ్డు మీది నుంచే చూసి, పడమరగా కిల్‌ఫెనోరా వెళ్లి, పాత కెథడ్రల్‌లోని ఎత్తయిన రాతి శిలువలకు తీరికగా సమయం ఇవ్వండి. తిరుగుదారిలో లిస్డూన్‌వార్నా మీదుగా ఎన్ 67 పట్టుకుంటే కార్క్‌స్క్రూ హిల్ మలుపులు వస్తాయి. వాటిని చీకటి పడకముందే దాటి బాలీవాన్ చేరుకోవాలి.